గాలిలో గీయు గీత

వైమానిక విన్యాసములనగానే మనకు ముందుగా స్ఫురించునవి పొగలు చిమ్ముచు దూసికొనిపోవు జెట్ విమానములు, తలలెత్తి చూచు జనసందోహము. బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శనము జరిగినప్పుడు హైదరాబాదు వాసులు చూచినదియు అట్టిదే. ప్రదర్శనమునకు ఆశ్చర్యమే ప్రయోజనము. దానిని నేను తక్కువ చేయను. కాని విన్యాసమును ఒక విద్యగా నెంచి, అందలి తప్పొప్పులను గణించి, మార్కులు వేసి చేతికిచ్చు పోటీలు వేరు. 1970లో స్థాపితమైన ఇంటర్నేషనల్ ఏరోబాటిక్ క్లబ్బు శాఖలవారు అమెరికాలోని చిన్న చిన్న విమానాశ్రయములలో నడుపు ప్రాంతీయ పోటీలు ఈ రెండవ తెగకు చెందినవి. అందొక దానిలో నాకు దొరకిన పని స్వల్పము: ఆకాశము నుండి చూపు మరల్పకయే న్యాయనిర్ణేత చెప్పుచున్న అంకెలను, ఆక్షేపణలను కాగితముపై వ్రాసికొనుట. విమానము నడుపనేరని వానికి ఈ విద్యయొక్క లోతు తెలియుటకు ఆ కుర్చీని మించిన స్థానము లేదని నా నమ్మకము.

ఒక్కొక్క ప్రక్క 1,000 మీటర్లు గల చతురస్రమునకు నేలపై గుర్తులు వేసి, దానిపైనున్న ఆకాశమునే పోటీకి రంగస్థలముగా నేర్పరచెదరు; తొలి మెట్టులలోని వారు నేలకు 1,500 అడుగుల కంటె దిగువకు రారాదు. ఏ వరుసలో ఏ విన్యాసము చేయవలెనో, స్పెయిన్ దేశస్థుడగు హోసె లూయిస్ అరెస్టి కల్పించిన చిత్రలిపిలో వ్రాసిన చీటి వైమానికుని యెదుట అంటింపబడి యుండును. నల్లని చుక్కతో విన్యాసము మొదలగును, చిన్న అడ్డగీతతో ముగియును. విమానము తలక్రిందులైన భాగమును తునుకల గీత తెలుపును. ప్రతి విన్యాసమునకును పది మార్కులతో నారంభించి, కోణము 5 డిగ్రీలు తప్పినప్పుడెల్ల ఒక మార్కు తీసివేసి, మిగిలినదానిని ఆ విన్యాసముయొక్క కాఠిన్యమును తెలుపు గుణకముచే హెచ్చింతురు.

వీనిలో సులభముగా కనిపించి మిక్కిలి శ్రమపెట్టునది లూపు, అనగా ఆకాశమున నిలువుగా గీయు వృత్తము. 1913లో కీవ్ నగరముపై ప్యోత్ర్ నెస్తెరోవ్ అను రష్యన్ సైనికోద్యోగి దీనిని తొలిసారి సాధించి, ప్రభుత్వపు సొత్తును అపాయము పాలు చేసెనని మొదట శిక్షకు గురియై, పిదప పదోన్నతిని పొందెను. అడుగుభాగమున వేగము మెండు, శిఖరమున కొంచెము. స్టిక్కును మొదటినుండి తుదివరకు ఒకే బిగువుతో లాగినచో పైభాగము నొక్కుకొనిపోయి వృత్తము చెడును. కావున పైకి పోవుకొలది చేతిని సడలించి, శిఖరమున విమానమును ఇంచుక తేలనిచ్చి, దిగునప్పుడు మరల బిగింపవలయును. గాలి వీచుచున్నచో వృత్తము ఒక ప్రక్కకు సాగిపోవును. ఆ సాగుడును సవరించి, క్రిందినుండి చూచువానికి గుండ్రముగా కనబడునట్లు చేయవలసిన భారమును వైమానికునిదే. నిలువుగీతకు ఈ నియమము లేదు: గాలి విమానమును ఎటు కొట్టుకొనిపోయినను, అది నిటారుగా నిలిచియున్నచో చాలును. తన కంటికి కనబడని గీతను, దూరమునందు కూర్చున్న పరాయి కన్నుల కొరకు శుద్ధముగా గీయవలసి వచ్చుట ఈ విద్యలోని కఠోర నియమము.

కర్టిస్ పిట్స్ 1940వ దశకమున రూపొందించిన పిట్స్ స్పెషల్ ఈ పనికి పుట్టిన విమానము. బెట్టీ స్కెల్టన్ 1948 నుండి మూడేండ్లు వరుసగా అమెరికా మహిళా విజేతగా నిలిచిన కాలమున నడిపిన పిట్స్, నేడు స్మిత్సోనియన్ మ్యూజియమున తలక్రిందులుగా వ్రేలాడుచున్నది. అయినను నా మనస్సు స్టియర్మన్ పక్షము. 1934లో తొలిసారి ఎగిరి, రెండవ ప్రపంచయుద్ధకాలమున వేలాది యువకులకు ఓనమాలు దిద్దించిన ఈ జంటరెక్కల విమానమునకు ఉక్కుగొట్టముల దేహము, కొయ్య రెక్కలు, పైన గుడ్డ తొడుగు; ఇంజను 220 అశ్వశక్తులది; విమానమును దొర్లించు పలకలగు ఐలెరాన్లు క్రింది రెక్కలకు మాత్రమే గలవు గనుక దొర్లుటలో మందగతి; తలక్రిందులైనచో కార్బొరేటరు పనిచేయక ఇంజను మూగవోవును. బలమైన విమానములో చేసిన పొరపాటును ఇంజను కప్పిపుచ్చును. స్టియర్మన్‌లో ప్రతి పొరపాటునకును మూల్యము ఎత్తు రూపమున చెల్లింపవలసినదే. ఎత్తును వేగముగను, వేగమును ఎత్తుగను మార్చికొనుచు, రెండింటిలో దేనిని గాని వృథా కానీయని వానికే అందు వరుస పూర్తి యగును. అందుచేతనే, నేర్చుకొనువానికి కొరత గల యంత్రమే మంచి గురువని నేను దృఢముగా విశ్వసింతును.

దాని ప్రాతఃకాలపు సేవ చూడదగినది. రాత్రి క్రింది సిలిండర్లలోనికి దిగిన నూనె నిలిచియుండు నేమోనని ప్రొపెల్లరును చేతితో మెల్లగా త్రిప్పుదురు. అడ్డుతగిలినచో బలవంతము చేయక, ప్లగ్గు తీసి నూనెను వెడలించెదరు. పిదప ఒకడు ప్రక్కన నిలిచి క్రాంకును త్రిప్పుకొలది లోపలి చక్రము కూత పెట్టుచు వేగమందుకొనును. ఆ లోపల వైమానికుడు పచ్చికపై ఒంటరిగా, కన్నులు అరమోడ్చి, అరచేతిని విమానముగ వంచుచు, జతులు మనసులో చెప్పికొనుచు అడుగులు వేయు నర్తకునివలె వరుసనంతను నడచి చూచికొనును. ఆ క్షణమున వానిని ఎవ్వరును పలుకరింపరు.

స్టియర్మన్లు గుంపుగూడు చోటు ఇలినాయ్ రాష్ట్రమందలి గేల్స్‌బర్గ్. 1972 నుండి అచ్చట సెప్టెంబరు మాసమున జరుగు కూటమిలో విన్యాసములతోబాటు, స్వల్పదూరమున నేల విడుచుట, గీచిన గీతపైననే దిగుట, పిండిసంచిని గురిచూచి విడుచుట మున్నగు పందెములు గలవు. యుద్ధానంతరము ఈ విమానములనేకము ముందు ఆసనము పోగొట్టుకొని, అచ్చట మందుతొట్టి మోయుచు, పొలములపై పురుగుమందు చల్లి బ్రతికినవే. వానిని మరల రెండాసనముల విమానములుగ తీర్చిన ఓపికకు నేను చేతులు జోడింతును. యుద్ధకాలమున బేగంపేట శిక్షణశాలలో మన యువకులు ఎగురుట నేర్చినదియు టైగర్ మాత్ అను జంటరెక్కల విమానముపైననే. అట్టిదొకదానిని పునరుద్ధరించి మన వాయుసేన 2012లో మరల ఎగురవేసినది. మ్యూజియమున నిలిపిన విమానము తన ఆకారమునే చెప్పగలదు. శిఖరమున చేయి ఎంత సడలింపవలెనో ఎగురు విమానము మాత్రమే నేర్పగలదు.

నేను అంకెలు వ్రాసికొన్న ఆ ప్రాంతీయ పోటీలో ఉదయము పాల్గొన్నవారే మధ్యాహ్నము ఇతర శ్రేణులకు సహాయకులుగ కూర్చుందురు గనుక, అచ్చట జీతగాండ్రగు అధికారులు లేరు. నేను వ్రాసిన కాగితములు తుదకు వైమానికులకే అందినవి. స్టియర్మన్ నడిపిన పెద్దాయన తన లూపునకు వచ్చిన ఏడు మార్కులను, వాని చెంత నేను వ్రాసిన "శిఖరము నొక్కుకొన్నది" అను మాటను చదివి, న్యాయనిర్ణేత కడకు పోయి ఎక్కడ నొక్కుకొన్నదని అడిగెను. ఇరువురును అరచేతులెత్తి, ఇంధనపు బండి వచ్చి దారి యిమ్మని కోరువరకును, ఆ ఒక్క వంపును గూర్చియే తర్కించిరి.