లైన్ క్లియర్ ఎవరిచ్చారు?

పోస్టుల భర్తీకి లైన్ క్లియర్. సినిమా విడుదలకు లైన్ క్లియర్. ఫలానా నేత టికెట్‌కు లైన్ క్లియర్. తెలుగు పత్రికల డెస్కు మీద ఇంతగా అరిగిపోయిన మాటలు తక్కువ. పొట్టిగా ఉంటుంది, రెండు కాలమ్‌ల శీర్షికలో ఇట్టే ఇమిడిపోతుంది, ఫైలు మీద సంతకం పడిందో లేదో తేలని వార్తకు కూడా పడినంత ఊపు తెస్తుంది. ఎడిషన్ గడువు తరుముతుంటే సబ్ ఎడిటర్‌కు ముందుగా తట్టేది ఇదే.

ఈ మాటను దాని సొంత పనిలో చూడాలంటే భద్రావతి మంచి చోటు. చంద్రపూర్ జిల్లాలోని ఈ ఊరు రైల్వే వాళ్లకు పాత పేరుతోనే తెలుసు: భాందక్. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే గ్రాండ్ ట్రంక్ మార్గం ఇటే పోతుంది. నాగపూర్ వైపు మాజరీ జంక్షన్, దక్షిణాన తాడాలి, చంద్రపూర్, బల్లార్షా. బల్లార్షా దగ్గర సెంట్రల్ రైల్వే హద్దు ముగిసి దక్షిణ మధ్య రైల్వే మొదలవుతుంది. ఆ తర్వాత కాగజ్‌నగర్, మంచిర్యాల, కాజీపేట. భద్రావతి చుట్టూ బొగ్గు గనులు, కాస్త దూరంలో 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం. ఎక్స్‌ప్రెస్‌ల నడుమ సందు చూసి బొగ్గు గూడ్సులను పంపాల్సిన దారి ఇది.

ఆ సందు ఎవరు చూస్తారన్నదే అసలు విషయం. యాబ్సల్యూట్ బ్లాక్ అనే పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య లైను మీద ఒక్కసారికి ఒక్క బండే ఉండాలి. ‘ఖాళీగానే ఉంది కదా, పంపేద్దాం’ అని స్టేషన్ మాస్టర్ తనంతట తాను అనుకోవడానికి వీల్లేదు. ముందున్న స్టేషన్‌ను అడగాలి. అక్కడి మాస్టర్ ఇవ్వాలి. అందుకే రైల్వే వాళ్ల నోట లైన్ క్లియర్ ‘అవ్వదు’. అడుగుతారు, ఇస్తారు, వస్తుంది. పత్రికల వాడుకలో జారిపోయింది సరిగ్గా ఈ అడగడం, ఇవ్వడమే.

ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు. అంతకుముందు వచ్చిన బండి మొత్తంగా చేరి ఉండాలి, దాని వెనక సిగ్నళ్లు మళ్లీ ప్రమాద స్థితికి వచ్చి ఉండాలి. తన మొదటి స్టాప్ సిగ్నల్ వరకు లైను ఖాళీగా ఉంటే సరిపోదు, దాన్ని దాటి కూడా ఉండాలి. కిందికి వాలే రెక్కల సిగ్నళ్ల కాలపు పద్ధతిలో ఆ అదనపు దూరం 400 మీటర్లు, మల్టిపుల్ యాస్పెక్ట్ సిగ్నళ్లున్న చోట 180 మీటర్లు. డ్రైవర్ బ్రేకు అంచనా తప్పి బండి ముందుకు జారినా తగలడానికి అక్కడేమీ ఉండకూడదు.

‘మొత్తంగా చేరడం’ కూడా చిన్న మాటేం కాదు. అరవైకి దగ్గరగా వ్యాగన్లుండే గూడ్సులో నడిదారిలో కప్లింగ్ తెగితే, ముందు సగం దర్జాగా స్టేషన్‌కు వచ్చేస్తుంది, వెనక సగం లైను మీదే పడి ఉంటుంది. కాబట్టి స్టేషన్ సిబ్బంది చూపు ఇంజను మీద కాదు, తోక మీద: పగలైతే ఎల్‌వీ అక్షరాలున్న పలక, రాత్రయితే ఎర్రదీపం. ఇప్పుడు చాలాచోట్ల ఈ కాపలా యాక్సిల్ కౌంటర్లది. రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లోకి వెళ్లిన ఇరుసులన్నీ బయటికి వస్తేనే లెక్క సరిపోతుంది.

ఒంటి లైన్ల మీద ఈ అనుమతిని డ్రైవర్ చేతికే ఇచ్చేవారు. రెండు స్టేషన్ల యంత్రాలూ ఒప్పుకుంటేనే ఒక బంతి బయటికొస్తుంది. దాన్ని సంచిలో పెట్టి, పెద్ద చుట్టకు తగిలించి, నడుస్తున్న బండికి అందించేవారు.

ఇంకో సంగతి. లైన్ క్లియర్ ఒక్క బండికి, ఒక్క సెక్షన్‌కు మాత్రమే. ఒకే నియామకాలకు కేబినెట్ దగ్గర ఒకసారి, ఆర్థిక శాఖలో ఒకసారి, కోర్టులో మరోసారి ‘లైన్ క్లియర్’ వచ్చిందని రాస్తే పాఠకులు నవ్వుకుంటారు గానీ, రైల్వే లెక్కలో అదేమీ తప్పు కాదు. మొదటిసారికే బండి గమ్యం చేరినట్టు రాయడమే తప్పు.

భద్రావతిలో మరో లైనూ ఉంది. విదర్భ పల్లెల్లో కరెంటు పోతే ‘లైన్ గేలీ’ అంటారు. ఈ లైను ఆ జాతిది. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్, పశ్చిమ గ్రిడ్ ఒకే లయలో నడిచేవి కావు, నేరుగా కలిపితే పొసగేది కాదు. అందుకని 1990ల చివర్లో ఇక్కడ హెచ్‌వీడీసీ బ్యాక్ టు బ్యాక్ కేంద్రం పెట్టారు. 500 మెగావాట్ల చొప్పున రెండు భాగాలు. ఒక వైపు ఏసీని డీసీగా మార్చి, ఆ ఆవరణలోనే మళ్లీ ఏసీగా చేసి, 400 కేవీ లైన్ల మీద రామగుండానికి పంపవచ్చు, అటు నుంచి తీసుకోనూ వచ్చు. రెండు గ్రిడ్లూ ఒకే లయలోకి వచ్చింది 2013 డిసెంబర్ 31న, రాయచూరు–సోలాపూర్ లైనుతో.

రామగుండం వైపు ఏ లైన్‌మన్‌ను కదిపినా లైన్ క్లియర్ మాట మళ్లీ వినిపిస్తుంది, ఎల్‌సీ అన్న పొట్టి పేరుతో. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి. పని ముగిశాక దాన్ని రిటర్న్ చేయాలి. అప్పటిదాకా ఆ ఫీడర్‌కు సరఫరా ఇవ్వకూడదు. అర్థం తలకిందులైంది చూడండి: రైల్వేలో లైన్ క్లియర్ అంటే ఇక బండి రావచ్చని, ఇక్కడ కరెంటు రాకూడదని. మారనిది ఒక్కటే. ఇక్కడా ఒకరు అడగాలి, మరొకరు ఇవ్వాలి.

ఈ పద్ధతి బెడిసికొట్టిన వార్తలు జిల్లా పేజీలకు వస్తూనే ఉంటాయి. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లుంటే ఒకదానికే ఎల్‌సీ తీసుకుని ఎక్కడం, పైన మనిషి ఉండగానే సరఫరా ఇచ్చేయడం. రిపోర్టర్ ‘ఎల్‌సీ తీసుకున్నా’ అని రాసి పంపుతాడు. పాఠకుడికి తెలియదేమోనని డెస్కు దాన్ని ‘సరఫరా నిలిపివేసినా’ అని దిద్దుతుంది. ఆ దిద్దుబాటుతో ఎల్‌సీ అడిగినవాడూ ఇచ్చినవాడూ వార్తలోంచి మాయమవుతారు. ఎవరు తీసుకున్నారు, ఏ సబ్‌స్టేషన్ ఇచ్చింది, ఏ ఫీడర్‌కు, రిటర్న్ అయిందా లేదా? ఇవి లేకుండా కాపీ వస్తే ఎంత రాత్రయినా రిపోర్టర్‌కు ఫోన్ కొట్టాల్సిందే.