టమాట ముందా, కాయ ముందా?

రథసప్తమి వారం మా ఇంట్లో చిక్కుడుకాయదే రాజ్యం. సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టాక, మిగిలిన కాయంతా టమాటతో కలిసి గంజులోకి పోవాల్సిందే. ఈసారి సరిగ్గా ఆ వారంలోనే జర్మనీ నుంచి మా మేనల్లుడు దిగాడు. స్టుట్‌గార్ట్‌లో వాడి కొలువు. పండుగ మర్నాడు పొద్దున్నే బజారుకు పోయి కిలో బీన్స్ పట్టుకొచ్చి, "అత్తా, ఇయ్యాల కూర నేను జేస్త, నువ్వు కూసో" అన్నాడు.

కూర్చుని చూశాను. ఉల్లిగడ్డ వేయించాడు. నాలుగు ఎల్లిపాయలు వేశాడు. బీన్స్‌ను కొసలు తుంచి, నార తీసి, ముక్కలు చేయకుండా పొడుగ్గానే గిన్నెలో పరిచాడు. పండు టమాటలను సగానికి కోసి తురుము పీట మీద రుద్దాడు. గుజ్జంతా కిందికి జారింది, తోలు చేతిలో మిగిలింది. ఆ గుజ్జును, కాయ ఇంకా పచ్చిగా ఉండగానే, మొత్తం గుమ్మరించాడు. ఇక ఊరుకోలేకపోయాను.

"గదేందిరా అల్లుడా, టమాట గిప్పుడే ఏస్తివి! కాయ ఉడుకుతదా?"

"ఉడుకుతది అత్తా. గంట వడ్తది, అంతే."

ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదివేవాళ్లకు నా పట్టుదలలు కొత్త కాదు. కూరగాయను కుక్కర్‌లో పెట్టొద్దు, ఇగురు కూరలో నీళ్లు పోయొద్దు, పులుపు ఎప్పుడూ చివరే. వంకాయ మీద రాసిన వారం ఈ మూడో మాట గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఇది నేను పుట్టించిన సూత్రం కాదు. పప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు బద్దలుగానే ఉంటుందని మన దగ్గర పొయ్యి ముట్టించిన ప్రతి మనిషికీ తెలుసు. కారణం కూడా తేటగానే ఉంది. కాయ గోడల్లో కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగితేనే కాయ మెత్తబడుతుంది. పులుపు ఆ కరగడాన్ని నెమ్మది చేస్తుంది. వంట సోడా అందుకు తిరకాసు, కరిగించి పారేస్తుంది. పెళ్లి విందుల్లో బీన్స్ పచ్చగా నిగనిగలాడుతూ నోట్లో జావలా జారిపోయిందంటే అందులో సోడా పడిందన్నమాట. రంగు కోసం కాయ ప్రాణం తీయడం నాకు ఎప్పటికీ నచ్చదు.

వాడు చేస్తున్నది గ్రీసు దేశపు వంట. ఫసోలాకియా అంటారట. 1960లో పశ్చిమ జర్మనీ పనివాళ్ల కోసం గ్రీసుతో ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత వేలాది గ్రీకు కుటుంబాలు అక్కడి కార్ఖానాలకు తరలిపోయాయి. వాళ్లలో ఒక ముసలమ్మ ఇంట్లో వీడు కిరాయికి ఉంటాడు. ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఆలివ్ నూనె ధారాళంగా పోసి కూరగాయను అందులోనే మగ్గబెట్టే వంటల వరుస ఒకటి వాళ్లకుంది. మాంసం, పాలు, గుడ్లు ముట్టని ఉపవాస దినాల్లో అవే వాళ్ల భోజనం. అన్నంలోకి కాదు. కూరే అసలు, రొట్టె దానికి తోడు.

మన చిక్కుడుకాయ టమాటకు దగ్గరి చుట్టమే అనిపించింది. కాకపోతే వాళ్ల గిన్నెలో కాయా, టమాటా రెండూ అమెరికా నుంచి వచ్చినవే. మన గిన్నెలో టమాట అక్కడిదే గాని, చిక్కుడు మాత్రం ఈ నేలకు పాతకాపు. దక్కనులో కొత్తరాతియుగం నాటి ఊళ్ల తవ్వకాల్లో చిక్కుడు గింజలు దొరికాయి. అదీ ఆఫ్రికా నుంచి వచ్చిందేనని శాస్త్రజ్ఞులు చెబుతారు, కాని మూడు వేల ఏళ్లకు పైగా మనతో కాపురం చేసింది.

గిన్నె మీద మూత పెట్టి వాడు ఫోన్ పట్టుకున్నాడు. నాకు మాత్రం అమ్మ పొయ్యి గుర్తొచ్చింది.

మా పాత ఇంట్లో చేదబావి పక్కన చిక్కుడు పందిరి ఉండేది. కార్తీకం దాటితే గుత్తులు గుత్తులుగా ఊదారంగు పూలు, వాటి కింద కాయలు. పొద్దుగూకే వేళ అమ్మ కాయ తెంపుకొచ్చి చాటలో పోసేది. కొస గిల్లి వీపు వెంట నార లాగడం, తిప్పి రెండో వైపూ లాగడం, నడుమ విరిచి పురుగుందేమో చూడడం, ముదిరితే గింజలు వలిచి తోలు పక్కన పడేయడం పిల్లల పని. నార మిగిలితే తెల్లారి నాన్న పంటికి తగిలేది. ఆయన ఏమీ అనేవాడు కాదు, తీసి కంచం అంచున పెట్టేవాడు. ఆ నార ఎవరి చేతిదో అమ్మ అడిగేది.

నాన్నకు కాజీపేటలో రైల్వే కొలువు. ఘన్‌పూర్ స్టేషన్‌లో పొద్దుటి బండి అందుకుంటేనే పెండ్యాల మీదుగా వేళకు కాజీపేట చేరేది. అందుకే అమ్మ చీకటితోనే పొయ్యి ముట్టించేది. పల్లినూనెలో జీలకర్ర, ఆవాలు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. ఆ తర్వాత చిక్కుడుకాయ, ఉప్పు, పసుపు. గంజు మీద పళ్లెం మూత పెట్టి, ఆ పళ్లెంలో గ్లాసెడు నీళ్లు పోసేది. లోపలి ఆవిరి చల్లటి పళ్లానికి తగిలి మళ్లీ కాయ మీదే చుక్కలుగా పడేది. అడుగంటుతున్న వాసన వస్తే పళ్లెంలో కాగిన నీళ్లే ఒక గంటెడు లోపల చిలకరించేది. కాయను గంజు గోడకు ఆనించి గంటె అంచుతో నొక్కేది. పుటుక్కున తెగితే అప్పుడు టమాట, కారం, ధనియాల పొడి. టమాట మగ్గి నూనె పైకి తేలగానే కొత్తిమీర చల్లి దించేది. బండి కూత వినబడేసరికి టిఫిన్ డబ్బా నాన్న చేతిలో ఉండేది.

ఆదివారం ఇంట్లో వేడివేడిగా అదే కూర పెడితే నాన్న తిని, "మంచిగనే ఉంది గాని, డబ్బల కూర లెక్క లేదు" అనేవాడు. వేడి కూర కంటే చల్లారిన కూర బాగుండడమేమిటని అమ్మ విసుక్కునేది.

మా వాడు గంట గడిచాక మూత తీశాడు. బీన్స్ ఆకుపచ్చ పోయి, ముదురు పసరు రంగుకు తిరిగింది. సోడా వేయని కాయ పులుపులో ఉడికితే తేలే రంగు అది. గంటె అంచుతో నొక్కాను. తెగింది, కాని చితకలేదు. పొడుగు కాయ పొడుగ్గానే ఉంది, లోపల మాత్రం వెన్న. తినబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు కాదు అత్తా, చల్లారనియ్యి. ఆ అవ్వ వేడిగ అస్సలు వెట్టది." పొద్దున దించిన కూర మధ్యాహ్నం తిన్నాం. కూరకు పైన పులుపు అంటడం ఒకటి, కాయలోకి పులుపు దిగడం ఒకటి. ఇది దిగింది. నాన్న డబ్బా కూర గురించి చెప్పింది ఇదే. కాజీపేట చేరి, మధ్యాహ్నం దాకా మూతలో ఉండి, చల్లారేకొద్దీ రసం కాయలోకి ఇంకేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టమాట చివరే వేయాలన్నది రుచి చెప్పిన మాటా, బండి చెప్పిన మాటా? పులుపు కాయను గట్టిగా ఉంచుతుందన్నది నిజం. కాని గట్టిగా ఉంచడమే కాయకు కాపలా కూడా. సన్నని సెగ మీద గంటసేపు పెట్టినా చితకకుండా పట్టి ఉంచేది ఆ పులుపే. అమ్మకు ఆ గంట లేదు. కట్టెలు దండిగా లేవు, తెల్లారగట్ల బండి ఆగదు. మా వీధిలో చాలా ఇళ్లకు గ్యాస్ పొయ్యి వచ్చింది 1999లో దీపం పథకం మొదలయ్యాకే. అందుకే అమ్మ కాయను ముందు మగ్గబెట్టి, పులుపును చివరకు నెట్టి, తక్కువ సెగతో ఎక్కువ రుచి తీసింది. అది గొప్ప పనితనం. కాని ఆమె వేళకు సరిపడ్డ పనితనాన్ని నేను అందరికీ, అన్ని కాయలకూ, అన్ని రోజులకూ శాసనంగా చెబుతూ వచ్చాను.

మొన్న ఆదివారం లేత చిక్కుడుకాయను గ్రీకు పద్ధతిలో వండి చూశాను. పల్లినూనెతోనే, టమాట తురుము ముందే వేసి, కుక్కర్ లేకుండా, చుక్క నీళ్లు పోయకుండా. కాయ విచ్చలేదు, గింజ జారలేదు, వాసన పోలేదు. మధ్యాహ్నం జొన్నరొట్టెతో తిన్నాం. ఆ పూట అన్నం గిన్నె వైపు ఎవరూ చూడలేదు.

కాబట్టి ఇకమీద నా మాట ఇది. కాయ ముదిరి గింజ గట్టిపడితే టమాట చివరే, లేకపోతే గింజ పలుకుగా మిగిలిపోతుంది. పొద్దున్నే డబ్బా కట్టాల్సిన ఇంట్లోనూ టమాట చివరే, అమ్మ పద్ధతిని మించింది లేదు. కాయ లేతదై, చేతిలో గంట ఉంటే మాత్రం టమాట ముందే వేయండి, నూనెకు వెనకాడకండి, మంట తగ్గించి మూత పెట్టండి, చల్లారాకే తినండి. అన్నం తగ్గించి కూర పెంచండి. చిక్కుడుకు ఇంకా కొన్ని వారాలే ఉంది. ఎండలు ముదరక ముందే ఒక్కసారి వండి చూడండి.