ముగింపు దొరకని పాత్రలు: నారాయణ్ దేవ్‌నాథ్ చిత్రకథలు

చిత్రకథలో నాయకుని గతి పాఠకునికి ముందే తెలుసు. అతడు గెలుస్తాడు, లేదా నవ్వించి ఓడిపోతాడు. తెలియనిది అతని పక్కనున్నవారి గతి. మామయ్య, వసతిగృహపు పెద్ద, వీధి దొంగ చివరకు ఏమైనారన్న ప్రశ్నకు రచయితలు తరచు సమాధానమివ్వరు. దీనిని రచయితల అలసత్వంగా ఎంచే విమర్శ ఒకటి ఉన్నది. బెంగాలీ బాలలను తరతరాలుగా నవ్వించిన నారాయణ్ దేవ్‌నాథ్ విషయంలో ఆ విమర్శ ఎంతవరకు నిలుస్తుందన్నది పరిశీలింపదగినది.

1925లో హావ్‌డాలోని శిబ్‌పూర్‌లో జన్మించిన దేవ్‌నాథ్, కోల్‌కతా నుండి వెలువడే 'శుక్‌తారా' మాసపత్రికలో 1962లో 'హాండా-భోందా'ను, 1965లో 'బాంటుల్ ది గ్రేట్'ను ప్రారంభించారు. 1969లో 'కిశోర్ భారతి'లో 'నొంటే-ఫొంటే' మొదలైనది. కథ, బొమ్మ, సంభాషణ అన్నీ ఆయనవే. నెలకు కొద్ది పుటలు. ఆ పుటలలోనే కథ పుట్టి ముగియాలి. గత నెల సంచిక అందని పిల్లవానికి సైతం ఈ నెల కథ బోధపడాలి. ఇట్టి నిబంధనకు లోబడిన కథలో ఉపపాత్ర ఎదగటానికి చోటెక్కడిది?

అయినా కెల్టూ అనే పాత్రను చూసినపుడు పాఠకునికి కొంత వెలితి తోచక మానదు. తొలుత 'హాండా-భోందా'కు ఛాయవలె ఉండిన 'నొంటే-ఫొంటే', 1970 దశకం ఆరంభంలో వసతిగృహానికి మారిన తరువాతనే స్వంత రూపు సంతరించుకున్నది. ఆ మార్పుతో వచ్చినవాడు కెల్టూ. వయసులో పెద్ద, బుద్ధిలో టక్కరి. సూపరింటెండెంటు వద్ద వినయం నటించి, చిన్నవారి తినుబండారాలు కాజేసి, చివరి గడిలో బెత్తం దెబ్బలకు పరుగు తీస్తాడు. మరుసటి నెల మళ్లీ అదే వినయం, అదే నమ్మకం. నిన్న కొట్టిన సూపరింటెండెంటు నేడు అతనిని ఎట్లు నమ్ముతాడన్న ప్రశ్న కథకు అక్కరలేదు. కాని కెల్టూకు ఇల్లున్నదా, సెలవులలో ఎక్కడికి పోతాడు, అతని ఆకలి ఎట్టిది? నొంటే, ఫొంటేల గురించి ఇట్టి ఆసక్తి కలుగదు. కెల్టూ గురించి కలుగుతుంది. ముఖ్యపాత్రల కంటె ఉపపాత్ర సజీవంగా ఉండటమే ఇందుకు కారణం. ఇది దేవ్‌నాథ్ ప్రతిభకు చిహ్నమే కాని లోపం కాదు.

తెలుగు పాఠకునికి ఈ స్థితి కొత్తదేమీ కాదు. సోమదేవుని కథాసరిత్సాగరంలో బేతాళ కథలు ఇరువదియైదు. చివరకు త్రివిక్రమసేనుడు భిక్షువు కపటమెరిగి అతనిని వధిస్తాడు. 1947లో ఆరంభమైన 'చందమామ' ఆ చట్రాన్ని గ్రహించి, కొత్త కథలు చేరుస్తూ దశాబ్దాల పాటు నడిపింది. నెలనెలా రాజు మౌనం వీడటం, బేతాళుడు చెట్టెక్కటం జరిగింది కాని, శ్మశానంలో కాచుకున్న భిక్షువుకు శవం అందనేలేదు, మృత్యువూ రాలేదు. దానికై పత్రికను నిందించినవారు అరుదు. ముగిస్తామని మాట ఇవ్వలేదు గనుక బాకీ లేదు.

బాకీ ఏర్పడిన సందర్భం దేవ్‌నాథ్ రచనలో ఒకటున్నది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన, ప్రచురణకర్తల కోరికపై, తాను మొదట సంకోచించినప్పటికీ, ఆయన బాంటుల్‌ను ట్యాంకులకు, విమానాలకు ఎదురు నిలిపారు. తూటాలు వాని ఛాతీకి తగిలి వెనుదిరిగాయి. ఆ అజేయత్వం యుద్ధానంతరమూ నిలిచింది. చరిత్ర కథలో ప్రవేశించి నాయకుని మార్చివేసింది. కాని బచ్చూ, బిచ్చూలు మునుపటి అల్లరివారుగానే మిగిలారు. శరణార్థులతో కోల్‌కతా కిక్కిరిసిన ఆ సంవత్సరపు జాడ వారిపై పడలేదు. కాలాన్ని ఒక్కనికే వర్తింపజేయటం ఇక్కడ కొంత అన్యాయమనే చెప్పాలి.

అమెరికాలో వ్యవహారం వేరు. క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుండి 1991 వరకు 'ఎక్స్-మెన్' రచన సాగించి, ఉపకథల పోగులెన్నో వదిలి వెళ్లారు. పాత్రలు సంస్థ ఆస్తి గనుక తరువాతి రచయితలు వాటిని అందుకోగలిగారు. అక్కడ ఉపకథ వచ్చే నెలకు వేసిన ఎర. దానిని మరచినచో పాఠకుడు నిలదీయటం న్యాయమే. కోల్‌కతా పిల్లలు 'ఆనందమేళా'లో బెంగాలీలో చదువుకున్న టిన్‌టిన్ మరొక మార్గం పట్టాడు. 1983లో ఎర్జే మరణించగా, అసంపూర్ణమైన చివరి కథ చిత్తుప్రతుల రూపంలోనే 1986లో వెలువడినది. మరొకరు టిన్‌టిన్‌ను కొనసాగించరాదన్నది ఎర్జే అభిమతం.

2021లో పద్మశ్రీ పొందిన దేవ్‌నాథ్ 2022 జనవరి 18న కన్నుమూశారు. కెల్టూను ఏదో ఒక పరీక్షలో ఉత్తీర్ణుని చేసి, ఉద్యోగమిచ్చి, బుద్ధి తెప్పించి పంపవలెనని ఉత్సాహపడే కలం ఎప్పుడైనా బయలుదేరవచ్చును. ఆ ఉత్సాహం ఆదరింపదగినది కాదు. పాత సంచికలను శ్రద్ధగా సేకరించి, వెలువడిన తేదీలతో, క్రమం తప్పక ముద్రించటం అంతకంటె అవసరమైన పని. కెల్టూ మొదట ఏ గీతలతో వచ్చాడో, ఏండ్లు గడిచేకొద్దీ ఆ ముఖం ఎట్లు మారిందో అప్పుడు గాని తెలియదు.