గీత దాకా మంచినీళ్లు

గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు పెంచి అలవాటైన చేయి సముద్రపు చేపల వైపు మళ్లితే ముందు నేర్చుకోవలసింది ఓపిక. మంచినీటి తొట్టిలో చెల్లిపోయే చిన్న పొరపాట్లు ఉప్పునీటిలో చెల్లవు.

వంటింటి ఉప్పు ఇక్కడ పనికిరాదు. ఆర్.ఓ. నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉండాలి. సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. రిఫ్రాక్టోమీటరు మీద ఒక్క చుక్క వేస్తే తెలిసిపోతుంది. తర్వాత రాళ్లు పేర్చి, చిటికెడు మేత వేస్తూ, చేపల్లేని తొట్టిని నాలుగు నుంచి ఆరు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రాళ్ల మీద అప్పుడే కుదురుకుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది రోజూ చేసే ఒక చిన్న పని. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. అందుకే తగ్గినంత మేరా పోయాల్సింది మంచినీళ్లే. పొద్దున్నే గాజు మీది గీత దాకా ఆ నీళ్లు పోసే మనిషిని చూస్తే తులసికోటకు నీళ్లు పోసే అమ్మ గుర్తొస్తుంది.

చివరికి ఒకరోజు, తెల్లచారల క్లౌన్‌ఫిష్ జంట ఆ రాళ్ల మధ్య ఈదుతుంది. గాజుపెట్టెలో సముద్రాన్ని నిలబెట్టిన ఆ చేతులకు నమస్కారం.