లూవ్ర్‌లో ఇనుప దేవుడు

పారిస్‌లోని లూవ్ర్ మొదట కోట, తర్వాత రాజభవనం. ఫ్రెంచి విప్లవం రాజును దించాక, 1793 ఆగస్టు 10న దాన్ని ప్రజల మ్యూజియంగా తెరిచారు. రాజు దాచుకున్న బొమ్మలు జనం సొత్తయ్యాయి. అది చిన్న మార్పు కాదు. అయితే ఏ జనం సొత్తు అన్నదే మన ప్రశ్న.

1797లో నెపోలియన్ సైన్యం వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల నుంచి వెరోనీసె గీసిన ‘కానాలో పెండ్లి’ చిత్రాన్ని పారిస్‌కు తరలించింది. నెపోలియన్ ఓడాక, 1815లో దోచిన బొమ్మలు చాలా వరకు వెనక్కి పోయాయి. ఇది పోలేదు. ఇప్పటికీ మోనాలిసాకు ఎదురుగానే ఉంది. అయినా వెరోనీసెకు పేరు మిగిలింది, కళాకారుడనే గౌరవం మిగిలింది.

ఆఫ్రికా, ఓషియానియా, అమెరికాల మూలవాసులు చేసిన బొమ్మలకు ఆ గౌరవం చాలాకాలం దక్కలేదు. వాటిని జాతుల మ్యూజియాలకు పంపి, పనిముట్ల సరసన పెట్టారు. 2000లో గానీ లూవ్ర్ వాటిలో వందకు పైగా ఎంచి, కళాఖండాలుగా ఒక విభాగంలో నిలబెట్టలేదు. కళ అని ఒప్పుకోవడం మంచిదే. కానీ ఒప్పుకున్నంత మాత్రాన లెక్క తీరిపోదు.

అక్కడ నిలబెట్టిన వాటిలో గూ ఒకటి. గూ అంటే ఫోన్ ప్రజలకు ఇనుముకు, యుద్ధానికి దేవుడు. ఆ మనిషెత్తు ఇనుప విగ్రహాన్ని చేసినవాడు అకాటి ఎక్‌ప్లెకెండో. దాన్ని చేయించింది దహోమీ రాజ్యం, అంటే నేటి బెనిన్. ఆ రాజ్యాన్ని జయించిన ఫ్రెంచివాళ్లు 1894లో దాన్ని పారిస్‌కు చేర్చారు. పేరు తెలియని జానపద కళ అని పక్కన పెట్టడానికి ఇక్కడ వీల్లేదు. చేసినవాడి పేరుంది, చేయించిన ఊరుంది, తెచ్చిన సంవత్సరముంది.

ప్రభుత్వ మ్యూజియం సొత్తును వదులుకోవడానికి అప్పటి ఫ్రెంచి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే 2020లో ప్రత్యేక చట్టం చేసి, మరుసటి ఏడు అబోమీ రాజభవనాల నుంచి దోచిన 26 వస్తువులను బెనిన్‌కు అప్పగించారు. అందులో గూ లేడు. ఇవ్వడం సాధ్యమేనని 26 వస్తువులు చెప్తున్నాయి. ఏది ఇవ్వాలో తేల్చేది మాత్రం ఇంకా తెచ్చినవాళ్లేనని గూ చెప్తున్నాడు.

ఈ కథ మనకూ పనికొస్తుంది. ఆదిలాబాద్ ఓజాల ఇత్తడి బొమ్మ కింద ‘గిరిజన కళ’ అని మాత్రమే రాసి ఉంటే అక్కడే ఆగి అడగాలి: ఎవరు చేశారు? ఏ దేవుడికి, ఏ పండక్కి చేశారు? ఇక్కడికి ఎలా వచ్చింది? ఈ మూడూ రాయని మ్యూజియం ఎంత గొప్పదైనా, అందులో బొమ్మ ఉంటుంది గానీ మనం ఉండం.