కూలిన ఇళ్ళు

లండన్‌లో డికెన్స్ 1851 నుంచి 1860 దాకా కాపురమున్న టావిస్టాక్ హౌస్‌ను 1901లో కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు వైద్యుల సంఘం భవనమూ, గోడమీద స్మారక ఫలకమూ ఉన్నాయి. సాహిత్యాభిమానుల విచారం అర్థమవుతుంది. కాని ఆ ఇంట్లోనే రాసిన ‘బ్లీక్ హౌస్’ (1852-53) చదివికూడా ఆ విచారం దగ్గరే ఆగిపోవడాన్ని నేను ఒప్పుకోను. ఆ నవలలోనూ ఇళ్ళు కూలతాయి, టామ్-ఆల్-అలోన్స్ అనే మురికివాడలో. ఆస్తి చాన్సరీ కోర్టు దావాలో పడి మరమ్మతుకు దిక్కుండదు. కూలిన ఇళ్ళకింద నలిగినవాళ్ళకు పేర్లు కూడా ఉండవు. పాఠం చెప్పేవాళ్ళు దీన్ని ‘వాతావరణ చిత్రణ’ అని దాటేస్తుంటారు (ఎంత సుఖమైన మాట!). నాకు మాత్రం నవలకు కీలకం అక్కడే కనిపిస్తుంది. ఆ వాడలో తలదాచుకునే, వీధులూడ్చే కుర్రవాడు జో. వాడు మోసుకొచ్చిన జ్వరమే జార్న్‌డైస్ గారింటి గడప దాటి, పనిపిల్ల చార్లీకి, ఆమెనుంచి ఎస్తర్‌కు సోకి, ఎస్తర్ ముఖాన్నే మార్చేస్తుంది.