సూర్యలంక తీరమున కూర్మాన్వేషణము

మంగళగిరి, గుంటూరు ప్రాంతములలో మిరప కల్లములు ఎఱ్ఱబారి, పత్తిచేలలో కడపటి తీత ముగియవచ్చిన మాఘ ఫాల్గుణ మాసములయందే, ఇచ్చటికి దక్షిణమున, బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంక మొదలు నిజాంపట్నము వఱకును, అవ్వల కృష్ణాసాగర సంగమమునకు చేరువనున్న నాగాయలంక తీరము వఱకును, ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై రాత్రివేళల ఒడ్డెక్కుచుండును. ఒక్కొక్కటి నలువది కిలోలకు అటునిటుగా తూగు ఈ ప్రాణి మన పొలముల కింత చేరువలో ప్రసవించిపోవుచున్నదని మెట్టప్రాంతపు వారిలో నెఱిగినవారు అరుదు. మనకు సముద్రమనగా కార్తిక పౌర్ణమి స్నానము, ఆదివారపు విహారము. అంతకుమించి దానితో మనకు వ్యవహారము లేదు.

కెనడా దేశపు పశ్చిమ తీరమున పరిశోధకుల వెంట చిన్నపడవలలో తిమింగిలములను వెదకబోవు ఔత్సాహికులు కలరు. 1970 దశకమున మైకేల్ బిగ్ అను శాస్త్రజ్ఞుడు ఓర్కా అను తిమింగిలముల వీపురెక్క మీది గంట్లను, దాని వెనుక నుండు బూడిదవన్నె మచ్చను ఛాయాచిత్రములలో సరిపోల్చి, మందలోని ఒక్కొక్క జంతువును వేఱువేఱుగా గుర్తింపవచ్చునని నిరూపించిన పిదప, ఆ యాత్రలకు శాస్త్రగౌరవము కలిగినది. వారికి జంతువు పట్టపగలు ఎదుటనే నీటిపైకి లేచును. మన తీరమున తాబేళ్లను వెదకుచు నడచువానికి పెక్కు రాత్రులలో జంతువు కానరాదు. అది విడిచిపోయిన జాడయే దొరకును. ఆ జాడను చదువనేర్చుటయే ఇచ్చటి విద్య.

నడక అర్ధరాత్రి ప్రాంతమున మొదలగును. అలల తడి చేరు గడపటి గీతకు కొంచెము పైగా, పొడియిసుక అంచు వెంబడి, మాటలు తగ్గించి నడువవలెను. టార్చి వెలిగింపరాదు, తప్పనిసరియైనచో ఎఱ్ఱకాగితము చుట్టిన మందదీపమునే వాడవలెను, ఏలయన తెల్లని వెలుతురు సోకిన తాబేలు గ్రుడ్లు పెట్టకయే వెనుదిరుగును. ఆలివ్ రిడ్లీ తెడ్లవంటి తన ముందరికాళ్లను ఒకదాని తరువాత నొకటిగా వేయుచు ప్రాకును గనుక దాని జాడలో కుడియెడమ గుర్తులు ఎదురెదురుగా నుండక తప్పించి తప్పించి పడును. పచ్చతాబేలు రెండు కాళ్లను ఒక్కమారే వేయుటచే దాని జాడ ఇరుప్రక్కల సమముగా నుండును. ప్రతి అడుగునను ఇసుక వెనుకకు త్రోయబడును గనుక ఏ జాడ ఎక్కినదో, ఏది దిగినదో తెలియును. రెండును కలిసినచోట పైనున్నది తిరుగుప్రయాణపు జాడ. నీరు వెనుకకు తీయుచున్న వేళయైనచో దిగినజాడ ఎక్కినదానికన్న పొడవుగా నుండును. దానినిబట్టి తాబేలు పోయి ఎంతసేపైనదో అనుభవజ్ఞులు ఊహింతురు.

జాడ యున్నంతమాత్రమున గూడున్నదని అనుకొనరాదు. మనుష్యుల అలికిడికో, కుక్కల అరపులకో బెదరి, ఒట్టిగనే తిరిగిపోయిన జాడలు పెక్కులుండును. ఇసుక కలగినచోట సన్నని కఱ్ఱతో మెల్లగా తడవి చూతురు. గట్టిగా నడ్డగించు నేలలో ఒక్కతావున కఱ్ఱ అనాయాసముగా దిగినచో అదియే గూడు. అటుపై చేతులతోనే త్రవ్వవలెను. ఇఱుకు మెడయు వెడల్పు కడుపునుగల కూజావలె, సుమారు మూరెడు లోతున ఆ గుంట యుండును. అందు నూఱు మొదలు నూటయిరువది వఱకు తెల్లని మెత్తపెంకు గ్రుడ్లుండును. గ్రుడ్లను కప్పిన తరువాత తల్లి తన యడుగుడిప్పతో ఇసుకను దబదబ మోది అణగద్రొక్కిపోవును. నేను ఎఱిగిన జంతుచేష్టలలో దీనికన్న గంభీరమును, దీనికన్న హాస్యాస్పదమును నైనది మఱొకటి లేదు.

కుక్కలు, నక్కలు త్రవ్వుచోటులనుండియు, అల కోయు ఒడ్డునుండియు గ్రుడ్లను అటవీశాఖవారి సంరక్షణ కేంద్రమునకు చేర్తురు. ఇచ్చట ఆలస్యము పనికిరాదు. గ్రుడ్డు వెలువడిన కొలది గంటలకే పిండము పెంకు లోపలి పొరకు అంటుకొనును. అటుపిమ్మట దానిని తలక్రిందు చేసినచో చచ్చును. కావున తీసినది తీసినట్లు, దొర్లనీయక మోసి, తల్లి త్రవ్విన లోతును ఆకృతిని అనుసరించియే క్రొత్తగుంట త్రవ్వి పూడ్తురు. నలువదియైదు మొదలు అఱువది దినములలోపల పిల్లలు వెలువడును. ఇసుక వేడిమి 30 డిగ్రీలను మించినకొలది ఆడుపిల్లలు హెచ్చుట, తగ్గినకొలది మగపిల్లలు హెచ్చుట ఈ జాతి ధర్మము. మన వేసవి తీవ్రతలో కేంద్రములపై పందిరి వేయుట అలంకారము కాదు.

ఈ నడక మన దేశమున సుమారు ఏబదియేండ్ల నాడు మద్రాసు తీరమున, సర్పోద్యానమును నెలకొల్పిన రాములస్ విటేకరు పరివారమునందు పుట్టినది; 1988 నుండి అచ్చటి విద్యార్థులు సంఘముగా నేర్పడి దానిని నడపుచున్నారు. ఆ తొలితరమువారిలో సతీశ్ భాస్కరు అను నాతడు దేశపు తీరములో పెక్కుభాగమును కాలినడకన పరిశీలించెను. 1982లో వర్షకాలమంతయు లక్షద్వీపములలోని ఒక నిర్జనద్వీపమున ఒంటరిగా గడపుచు, భార్యకు ఒక లేఖ వ్రాసి సీసాలో బెట్టి సముద్రమున విడువగా, సింహళమున నొక జాలరికి అది దొరకి, ఆతడు దయతో టపాలో వేయగా ఆమెకు చేరినది. ఒడిషాలోని గహీర్మఠలో లక్షలకొలది తాబేళ్లు ఒక్కమారుగా ఒడ్డెక్కు సంగతి 1974లోను, అచ్చటనే ఋషికుల్యానదీ ముఖమున నట్టిదే 1994లోను శాస్త్రలోకమునకు తెలిసినవి. గంజాం తీరపు జాలరులలో అనేకులు తెలుగు మాటాడువారే. శాస్త్రలోకమునకు పూర్వమే వారికిది తెలియునని నా నమ్మకము.

జాడయు గూడును లేని రాత్రి వృథా యని క్రొత్తవారు నిరుత్సాహపడుదురు. ఆ రాత్రియు పుస్తకములో నెక్కవలెను: తేది, నడచిన దూరము, కనబడినది శూన్యము. శూన్యములు వ్రాయని పట్టికలో తాబేళ్లు హెచ్చినవో, నడచువారు హెచ్చిరో తెలియదు. చచ్చి కొట్టుకొనివచ్చిన వానిని సైతము లెక్కింపవలెను. వలలో చిక్కి, ఊపిరికై పైకి రాలేక మునిగి చచ్చినవే వానిలో హెచ్చు. డిప్పపొడవు బట్టటేపుతో కొలిచి, మఱునాడు మఱల లెక్కపడకుండ దానిమీద రంగు పూయుదురు. ఈ చప్పిడి లెక్కలు లేనిచో ట్రాలర్ల వలలకు తాబేలు తప్పించుకొను వాకిలి అమర్పుడని అడుగుటకు ఎవ్వరికిని ఆధారముండదు. ముందరికాలికి లోహపుబిళ్ల వేయుటయు నిట్టి ఓర్పుపనియే: 2021లో ఒడిషాలో బిళ్ల వేయబడిన తాబేలొకటి 2025 జనవరిలో మహారాష్ట్రపు గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనబడి, తూర్పుతీరపు తాబేళ్లు వేఱు, పడమటివి వేఱు అను తలపునకు భంగము కలిగించెను.

ఈ విద్యలో నిజమైన గురువులు వాచర్లుగా కుదిరిన పల్లెకారులు. చదువుకొన్నవాడు జాడను చూచి పుస్తకము తెఱచునంతలో వారు గూటిపై కఱ్ఱ పాతియుందురు. పిల్లలను విడుచు వేడుకకు మాత్రము ఇటీవల పట్టణజనము మూగుచున్నది. పెద్దమనుష్యుడొకడు రావలసియున్నదని పిల్లలను తొట్టిలో నిలిపియుంచుట నాకు సమ్మతము కాదు. వెలువడిన తొలిగంటల ఉఱవడియే వానిని లోతునీటికి చేర్చు మూలధనము. తొట్టిగోడలను కొట్టుకొనుచు అది తొట్టిలోనే వ్యయమైపోవును. వాచర్లు చీకటియుండగనే, ఇసుకపై కొంతదూరము వానిని స్వయముగా ప్రాకనిచ్చి, నేడొకచోట రేపొకచోట విడుతురు. ఒక్కచోటనే విడిచినచో చేపలు ఆ తావు మరిగి కాచుకొనియుండును.